మావ్నీ రోజులు

ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసుకునే అనుమతి) గడువు దగ్గరపడి, హెచ్-1బీ లాటరీ తగలక, వెనక్కి వెళ్లాలా ఇంకో మాస్టర్స్‌లో చేరాలా అని తల పట్టుకున్న మన కుర్రాళ్ల మధ్య 2009 నుంచి 2016 దాకా ఒక మాట తిరుగుతుండేది: మావ్నీ. గ్రీన్‌కార్డు లేకపోయినా అమెరికా సైన్యంలో చేర్చుకుంటారు, పది వారాల ట్రైనింగ్ ముగిసేసరికి పౌరసత్వం చేతిలో పెడతారు. మొదటిసారి విన్నవాళ్లు నమ్మేవాళ్లు కాదు. ఎవరో కన్సల్టెన్సీవాళ్ల కొత్త ఎర అనుకునేవాళ్లు. కానీ అది అక్షరాలా నిజం. ఆ దారిన మొత్తం 10,000 మందికి పైగా యూనిఫాం వేసుకున్నారు. ఇవాళ ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు ఏం జరిగేదో, ఎవరు ఎక్కడ తట్టుకుని పడిపోయేవారో ఈ తరం పిల్లలకు తెలియదు కాబట్టి గుర్తున్నవన్నీ ఇక్కడ పెడుతున్నాను.

దీని వెనకున్న చట్టం పాతదే. యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసిన పరదేశికి గ్రీన్‌కార్డుతో నిమిత్తం లేకుండా పౌరసత్వం ఇవ్వొచ్చని అమెరికా వలస చట్టం 329వ సెక్షన్ చెబుతుంది. 2001 సెప్టెంబరు 11 నుంచి ఉన్నదంతా యుద్ధకాలమేనని 2002 జులై 3న అధ్యక్షుడు బుష్ ఉత్తర్వు ఇచ్చారు. చిక్కంతా సైన్యంలో చేరడం దగ్గరే ఉండేది. పౌరులనూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనూ తప్ప మామూలుగా తీసుకోరు. అయితే దేశ ప్రయోజనానికి తప్పనిసరి అనుకుంటే తీసుకోవచ్చని చట్టంలో ఒక చిన్న సందు ఉంది. 2008 నవంబరులో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ఆ సందులోంచి వెయ్యి మందికి అనుమతి ఇచ్చారు. దీన్ని తీర్చిదిద్దింది మార్గరెట్ స్టాక్ అనే ఆర్మీ రిజర్వ్ లెఫ్టినెంట్ కల్నల్. వలస చట్టాలు కాచి వడపోసిన లాయరు. 2013లో ఆమెకు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. 2009 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో మొదలైన పథకం మొదటి కోటా అయ్యాక మూతబడి, 2012లో మళ్లీ తెరుచుకుంది. అప్పుడు ఏడాదికి 1,500 మంది, 2016 నాటికి 5,000 మంది.

యూనిఫాం వేసుకున్న మనవాడికి పౌరసత్వం ఇచ్చి లాక్కున్న చరిత్ర కూడా అక్కడ ఉంది. 1918లో వాషింగ్టన్ రాష్ట్రంలోని క్యాంప్ లూయిస్‌లో సైనికుడిగా ఉన్న భగత్ సింగ్ థింద్‌కు డిసెంబరు 9న పౌరసత్వం ఇచ్చారు. ఆయన యూనిఫాంలోనే ప్రమాణం చేశారు. నాలుగు రోజులకే రద్దు చేశారు. 1923 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు, భారతీయుడు తెల్లవాడి కిందకు రాడు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడని తేల్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన ఆసియావాళ్లకు పౌరసత్వం ఇచ్చేలా 1935లో చట్టం వచ్చాక, 1936లో న్యూయార్క్‌లో ఆయనకు అది దక్కింది. పద్దెనిమిదేళ్లు. మావ్నీ చివరి రోజుల్లో జరిగింది చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొచ్చేవారు.

ఇక చేరడం. రెండు వాకిళ్లు ఉండేవి. ఒకటి లైసెన్సున్న డాక్టర్లు, నర్సులకు. రెండోది సైన్యానికి కావలసిన భాషలు వచ్చినవాళ్లకు. మనవాళ్లలో ఎక్కువమంది రెండోదాంట్లోనే వెళ్లారు. భాషల జాబితా మారుతుండేది, ఒక భాష కోటా నిండితే దాన్ని తీసేసేవారు. హైదరాబాద్ వాళ్లకు హిందీ, ఉర్దూ కలిసొచ్చేవి. చిత్తూరు, నెల్లూరు వైపు తమిళం ఇంట్లో వినబడేవాళ్లు తమిళంతో వెళ్లేవారు.

భాష పరీక్ష ఫోన్‌లో జరిగేది. అవతల ఇద్దరు పరీక్షకులు, అరగంట అటూ ఇటుగా సంభాషణ. మాట్లాడ్డంలో, వినడంలో రెండో స్థాయి రావాలి. రెండో స్థాయి అంటే జరిగిపోయింది, జరుగుతున్నది, జరగబోయేది వరస తప్పకుండా చెప్పగలగడం, వార్తల్లో విషయం మీద నాలుగు మాటలు మాట్లాడగలగడం. స్కూల్లో సెకండ్ లాంగ్వేజ్‌గా చదివిన హిందీతో, సినిమాలు చూసి పట్టుకున్న హిందీతో ఇది దాటదు. ఎక్కువమంది పోయేది ఇంకో చోట: ప్రతి వాక్యంలో మూడు ఇంగ్లిష్ మాటలు దొర్లించడం. "మీ ఊళ్లో పంట కోత ఎలా చేస్తారో చెప్పండి" అని అడిగితే సాఫ్ట్‌వేర్ హిందీ అక్కరకు రాదు. పది రోజులు హిందీ వార్తలు విని, విన్నదాన్ని గట్టిగా తిరిగి చెప్పుకున్నవాళ్లు గట్టెక్కారు.

అసలు వడపోత మాత్రం వలస కాగితాల దగ్గర. చేరే రోజుకు ముందు కనీసం రెండేళ్లు చట్టబద్ధమైన స్టేటస్‌లో ఉండాలి. ఆ రెండేళ్లలో ఒకే విడతగా 90 రోజులకు మించి దేశం బయట ఉండకూడదు. ఈ 90 రోజులు ఎంతమంది కొంప ముంచాయో! మే మొదటివారంలో సెమిస్టర్ అవగానే ఇంటికెళ్లి, అక్క పెళ్లి చూసుకుని, ఆగస్టు మూడోవారంలో తిరిగొచ్చిన పిల్లాడికి వంద రోజులు దాటిపోయేవి. మిగతావన్నీ బంగారంలా ఉన్నా అతను మరో ఏడాదో రెండేళ్లో ఆగాల్సిందే. పాస్‌పోర్టులో హైదరాబాద్ ఇమిగ్రేషన్ స్టాంపుల తేదీలు వేళ్ల మీద లెక్కపెట్టడం రిక్రూటర్ దగ్గరికి వెళ్లేముందు చేయాల్సిన మొదటి పని. యూనివర్సిటీ మారినప్పుడల్లా ఇచ్చిన ప్రతి ఐ-20, పని అనుమతి చూపే ఈఏడీ కార్డులు, దేశంలోకి వచ్చిన తేదీ చూపే ఐ-94, సోషల్ సెక్యూరిటీ కార్డు, అన్నీ ఒరిజినల్స్ ఒకే ఫైల్లో. మధ్యలో ఒక ఐ-20 పోతే పాత కాలేజీ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చేది.

ఇంకో కాగితం డిగ్రీ ఎవాల్యుయేషన్. జేఎన్‌టీయూ బీటెక్‌ను అమెరికా డిగ్రీకి సమానమని గుర్తింపున్న సంస్థ చేత రాయించుకుంటే, ప్రైవేటుగా కాకుండా నేరుగా స్పెషలిస్ట్ హోదాలో, అంటే ఈ-4లో చేరేవారు. అది లేకుండా సంతకం పెట్టేసినవాళ్లు నెలనెలా కొన్ని వందల డాలర్లు వదులుకున్నట్టే. షిప్ అయ్యాక, అంటే ట్రైనింగ్‌కు బయల్దేరాక, సరిచేయించడం చాలా కష్టం.

సైన్యంలో చేరడానికి రాయాల్సిన ఆస్వాబ్ పరీక్ష మనవాళ్లకు తేలికే అని అందరూ అనుకునేవారు. లెక్కలు తేలికే. కానీ చేర్చుకోవడానికి చూసే స్కోరు నాలుగు భాగాల నుంచి వస్తుంది: పదాల అర్థాలు, పేరా చదివి అర్థం చేసుకోవడం, లెక్కలు, గణితం. వాటిలో ఇంగ్లిష్ భాగం రెట్టింపుగా లెక్కకొస్తుంది. మావ్నీకి కనీసం 50 కావాలి. ఎం.ఎస్. చేసినవాళ్లు కూడా పదాల అర్థాల దగ్గర తడబడి 40ల్లో ఆగిపోయిన సందర్భాలున్నాయి. తప్పితే నెల ఆగి మళ్లీ రాయాలి, ఇంకోసారి తప్పితే మరో నెల, ఆ తర్వాత ఆరు నెలలు.

చేరేముందు వైద్యపరీక్షలు చేసే కేంద్రం మెప్స్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ముందురోజు రాత్రి హోటల్లో ఉంచి, తెల్లవారుజామున నాలుగింటికి లేపి బస్సెక్కిస్తారు. రక్తం, మూత్రం, వినికిడి, చూపు, రంగులు గుర్తుపట్టడం. తర్వాత ఒక గదిలో లోదుస్తుల మీద నిలబెట్టి చేతులు తిప్పమంటారు, వేళ్లు ముడవమంటారు, గొంతుక్కూర్చుని బాతులా నడవమంటారు. మోకాళ్లు, మడమలు సరిగ్గా ఉన్నాయో లేదో ఆ నడకలోనే డాక్టరుకు తెలిసిపోతుంది. పీటల మీదా నేల మీదా కూర్చుని పెరిగినవాళ్లకు అది ఇబ్బందే కాదు. మనవాళ్లు ఇరుక్కునేది బరువు దగ్గర. లావు కాదు, సన్నం. 5 అడుగుల 7 అంగుళాల ఎత్తుకు కనీసం 121 పౌండ్లు ఉండాలి. 118 ఉన్న పిల్లలు పొద్దున్నే అరటిపళ్లు తిని నీళ్లు తాగి తూకం ఎక్కేవారు. రెండోది లేసిక్. సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి కళ్లకు ఆపరేషన్ చేయించుకుని, అద్దాల్లేవు కదా అని నిశ్చింతగా వచ్చేవారు. సర్జరీ అయి 180 రోజులు దాటాలి. అంతేకాదు, ఆపరేషన్‌కు ముందు పవర్ ఎంతుందో కాగితం చూపించాలి, అది 8 దాటి ఉంటే తీసుకోరు. హైదరాబాద్ ఆసుపత్రి నుంచి ఆ పాత రికార్డు తెప్పించడానికి ఇంట్లోవాళ్లు చెప్పులరిగేలా తిరిగేవారు.

అన్నీ అయ్యాక ఉద్యోగం ఎంచుకోవాలి. సెక్యూరిటీ క్లియరెన్స్ పౌరులకే కాబట్టి కంప్యూటర్ మీద పనులు చాలావరకు దొరికేవి కావు. క్లౌడ్ ఇంజనీర్ కావాల్సినవాడు ట్రక్కు డ్రైవరో, సప్లై గుమాస్తానో, వంటవాడో, ఇంధనం చూసేవాడో, బండ్ల మెకానిక్కో అయ్యేవాడు. కాస్త చదువు పనికొచ్చే చోటు కావాలనుకున్నవాళ్లు 68 విస్కీ, అంటే కంబాట్ మెడిక్ (యుద్ధరంగంలో వైద్యసాయం చేసేవాడు) తీసుకునేవారు. టెక్సాస్‌లోని ఫోర్ట్ శామ్ హ్యూస్టన్‌లో పదహారు వారాలు. దీన్ని చిన్నతనంగా చూసినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. "ఎం.ఎస్. చదివి లారీ తోలుతున్నాడా" అన్న మాట గుంటూరులో తల్లిదండ్రుల చెవిన పడకుండా దాచినవాళ్లూ ఉన్నారు. ఆ చూపు తప్పని నా గట్టి అభిప్రాయం. ఇంధనం, తిండి, మందు ముందుకు చేరకపోతే ఏ సైన్యమూ కదలదు. మావ్నీ మీద చేరి 2012లో ఆర్మీ మొత్తానికి సోల్జర్ ఆఫ్ ద ఇయర్ అయిన సరళ్ శ్రేష్ఠ నేపాల్ నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చినవాడే.

భాషతో చేరినవాళ్లు కనీసం నాలుగేళ్లు యాక్టివ్ డ్యూటీలోనో, ఆరేళ్లు రిజర్వ్‌లోనో చేయాలి. మొత్తం బాధ్యత ఎనిమిదేళ్లు. అయిదేళ్ల గౌరవప్రదమైన సేవ పూర్తికాకుండా చెడ్డపేరుతో బయటపడితే ఇచ్చిన పౌరసత్వం వెనక్కి తీసుకోవచ్చు. ఇది చదవకుండా సంతకాలు పెట్టకూడదని పెద్దవాళ్లు చెబుతూనే ఉండేవారు.

బేసిక్‌కు, అంటే ఆ పది వారాల మొదటి ట్రైనింగ్‌కు, వెళ్లాక మొదటి వారం రిసెప్షన్. తల గొరిగించడం, యూనిఫాం, బూట్లు, ఆపైన సూదులు. 2011 నుంచి అడెనోవైరస్‌కు రెండు మాత్రలు ఇచ్చేవారు, నమలకుండా మింగాలి. పెన్సిలిన్ సూది పిరుదుకు. మందు చిక్కగా ఉంటుంది, కండలో గడ్డలా ఆగిపోతుంది. కాసేపు గట్టి నేల మీద కూర్చుని అటూ ఇటూ ఊగితే నొప్పి తగ్గుతుంది. నిలబడిపోయినవాడు మర్నాడు కుంటుతాడు. మనకు చిన్నప్పుడు బీసీజీ వేస్తారు కాబట్టి టీబీ స్కిన్ టెస్ట్ ఉబ్బడం మామూలు. అప్పుడు ఛాతీ ఎక్స్‌రే తీసి, తొమ్మిది నెలలు ఐసోనయాజిడ్ మాత్రలు వాడమనేవారు. బీసీజీ సంగతి ముందే చెప్పి, పాత ఎక్స్‌రే రిపోర్టు ఫైల్లో పెట్టుకున్నవాళ్లకు కంగారు తగ్గేది.

ఛాతీ మీద పేరు పట్టీలో ఇంటిపేరే ఉంటుంది, అందరూ దాంతోనే పిలుస్తారు. మనలో కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా ఒకే గడిలో. అలాంటివాళ్ల వీసాలో మొదటి పేరు చోట ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. అదే సైన్యం రికార్డుల్లోకి, అక్కడినుంచి పౌరసత్వ సర్టిఫికెట్‌లోకి పాకేది. పేరు మార్పు కోర్టు జడ్జి ప్రమాణం చేయించే చోటే కుదురుతుంది, సైనిక స్థావరాల్లో జరిగే ప్రమాణాల్లో కుదరదు. అందుకే పాస్‌పోర్టు సరిచేయించుకున్నాకే రిక్రూటర్ దగ్గరికి వెళ్లమనేవాళ్లం.

తిండి విషయంలో శాకాహారులకు కష్టమే కానీ గండం కాదు. ఫీల్డ్‌లో ఇచ్చే ఎంఆర్ఈ పొట్లాలు అప్పట్లో 24 రకాలు, అందులో నాలుగు శాకాహారం. పన్నెండు పొట్లాల పెట్టెలో రెండే ఉంటాయి కాబట్టి డ్రిల్ సార్జెంట్‌కు మొదటిరోజే చెప్పాలి. పరుగు మాత్రం ముందే సాధన చేయాలి. అప్పటి ఫిట్‌నెస్ పరీక్షలో 22 నుంచి 26 ఏళ్ల మగవాళ్లకు రెండు నిమిషాల్లో 40 పుషప్స్, 50 సిటప్స్, రెండు మైళ్లు 16 నిమిషాల 36 సెకన్లలో. షిప్ డేట్ వచ్చాక ఆదరాబాదరాగా సిమెంటు రోడ్డు మీద రోజూ పరుగెత్తినవాళ్లకు పిక్కల ముందు ఎముక వాచిపోయేది. మూడు నెలల ముందు నుంచి గడ్డి మీద, రోజు విడిచి రోజు పరుగెత్తినవాళ్లు తట్టుకున్నారు. రైఫిల్ అర్హత 40 టార్గెట్లకు 23. ఎప్పుడూ తుపాకి ముట్టనివాళ్లు ఇందులో చాలామంది కన్నా బాగా చేసేవారు, ఎందుకంటే మార్చుకోవాల్సిన పాత అలవాట్లు లేవు.

ఫోన్లు లాక్కుంటారు, ఉత్తరాలే దిక్కు. ఇండియాకు మామూలు స్టాంపు చాలదు. 2013 జనవరిలో 1.10 డాలర్ల గ్లోబల్ ఫరెవర్ స్టాంపు వచ్చాక పని తేలికైంది. వెళ్లేటప్పుడే ఓ డజను స్టాంపులు అంటించిన కవర్లు సంచిలో పెట్టుకోమనేవాళ్లం. అప్పుడు స్కైప్‌కు అలవాటుపడిన తల్లులు చాలా ఏళ్ల తర్వాత కొడుకు చేతిరాత చూశారు.

2009 ఆగస్టులో ఆర్మీ బేసిక్‌లోనే పౌరసత్వ ప్రక్రియ ముగించే ఏర్పాటు మొదలుపెట్టింది. సౌత్ కరోలినాలోని ఫోర్ట్ జాక్సన్, ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్, ఇంకొన్ని చోట్ల. ఎన్-400 దరఖాస్తు, సేవను ధ్రువీకరించే ఎన్-426, పాస్‌పోర్టు ఫోటోలు. ఫీజు లేదు. ఎన్-400లో ప్రయాణాల తేదీలన్నీ, స్పీడింగ్ టికెట్లన్నీ రాయాలి. టికెట్ కట్టేసినట్టు కోర్టు కాగితం లేకపోతే ఫైలు అక్కడే ఆగి, అతనొక్కడే పౌరుడు కాకుండా తర్వాతి ట్రైనింగ్‌కు వెళ్లేవాడు. వేలిముద్రల కోసం మళ్లీ తిరగక్కర్లేదు, చేరినప్పుడు తీసినవే వాడతారు. ఆ సౌకర్యం వెనక ఒక ప్రాణం ఉంది. ట్రినిడాడ్ నుంచి వచ్చిన కెండెల్ ఫ్రెడరిక్ అనే 21 ఏళ్ల ఆర్మీ రిజర్వ్ సైనికుడు 2005 అక్టోబరులో ఇరాక్‌లో, పౌరసత్వ దరఖాస్తుకు వేలిముద్రలు ఇవ్వడానికి కాన్వాయ్‌లో వెళ్తూ బాంబు పేలి చనిపోయాడు. 2008లో ఆయన పేరు మీదే చట్టం వచ్చింది.

ఇంటర్వ్యూ ట్రైనింగ్ చివరి వారాల్లో. అప్పట్లో వంద ప్రశ్నల్లోంచి పది అడిగితే ఆరు చెప్పాల్సి ఉండేది. చట్టం అడిగితే దేశం తరఫున ఆయుధం పడతానని ప్రమాణంలో ఒక మాట ఉంటుంది. మిగతా కొత్త పౌరులు నోటితో చెప్పే ఆ మాటను వీళ్లు అప్పటికే తొమ్మిది వారాలుగా భుజాన మోస్తున్నారు. పెళ్లయినవాళ్లకు అదే రోజు ఇంకో పని మొదలయ్యేది. భర్త పౌరుడైన క్షణం అతని హెచ్-1బీ పోతుంది, దానితోపాటు భార్య హెచ్-4 కూడా. కాబట్టి ఆమె గ్రీన్‌కార్డుకు కావలసిన ఐ-130, ఐ-485 దరఖాస్తులు ముందే నింపి, సర్టిఫికెట్ నకలు రాగానే పంపేలా సిద్ధంగా ఉంచుకోవాలి.

తర్వాత మాతృదేశం గుమ్మం దగ్గర ఒక దెబ్బ. భారత పాస్‌పోర్టు సరెండర్ చేయడం అందరికీ ఉన్నదే. కానీ విదేశీ సైన్యంలో ఉన్నవాళ్లకూ, రిటైరైనవాళ్లకూ ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్లు వీసా లేకుండా వచ్చిపోయే కార్డు) ఇవ్వరు. తోటి సాఫ్ట్‌వేర్ పౌరులంతా ఓసీఐతో తిరుపతి వెళ్లొస్తుంటే, వీళ్లు ప్రతిసారీ వీసా అడగాలి. ఆ దరఖాస్తులో సైన్యంలో పనిచేశారా, ఏ హోదా, ఎక్కడ పోస్టింగ్ అని ఉంటుంది, దాచకూడదు. ఇటు యూనిట్ కమాండర్ నుంచి విదేశీ ప్రయాణానికి అనుమతి. తండ్రికి గుండెనొప్పి అని అర్ధరాత్రి ఫోనొస్తే ఈ రెండూ కలిసి ఎంత బాధపెడతాయో పడినవాళ్లకే తెలుసు. చాలామంది దీనికి కనిపెట్టిన దారి తల్లిదండ్రులకే ఐ-130 వేసి అమెరికాకు తెచ్చుకోవడం.

2016 సెప్టెంబరు 30న భద్రతా తనిఖీలు కఠినం చేస్తూ కొత్త ఉత్తర్వు వచ్చింది. తనిఖీ చేయడంలో తప్పేం లేదు, ఏ దేశమైనా చేస్తుంది. తప్పు ఏమిటంటే, అప్పటికే ప్రమాణం చేసి షిప్ డేట్ కోసం కూర్చున్న వేలమంది మీద కూడా అది పడింది, చూసే మనుషులు లేక ఫైళ్లు కదల్లేదు. సంతకం పెట్టి ఎదురుచూసే కాలాన్ని డెప్ అంటారు. అది వీసా కాదు, పని చేసుకునే అనుమతీ కాదు. మామూలుగా ఏడాది ఉండే గడువును రెండేళ్లకు పెంచారు. ఈలోగా ఓపీటీ అయిపోయి, స్టేటస్ నిలబెట్టుకోవడానికి అప్పుచేసి ఇంకో కాలేజీలో ఫీజు కట్టినవాళ్లెందరో. గడువు తీరాక చాలామందికి డిశ్చార్జ్ కాగితం పంపారు. నోటికాడి ముద్ద తీసేయడమంటే అదే.

2017 అక్టోబరు 13న ఇంకో మార్పు: ఎన్-426 మీద సంతకం కావాలంటే ముందు కొన్ని నెలల సర్వీసు ఉండాలి. 2018 జనవరిలో బేసిక్‌లో పౌరసత్వమిచ్చే ఏర్పాటు ఆగిపోయింది. నియో, కిర్వా, కలిక్స్‌టో, సమ్మా, ఇలా సైనికుల పేర్ల మీదే కేసులు నడిచాయి. 2020 ఆగస్టులో వాషింగ్టన్ డీసీ ఫెడరల్ కోర్టు సమ్మా కేసులో ఆ కనీస సర్వీసు షరతు చెల్లదని కొట్టేసింది. అప్పటికి కొందరు విసిగి కెనడా వెళ్లిపోయారు, కొందరు ఇంటికి.

ఇప్పుడు గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు బేసిక్‌లో పౌరసత్వ ప్రమాణాలు మళ్లీ జరుగుతున్నాయి. డైవర్సిటీ గ్రీన్‌కార్డు లాటరీతోనో, కుటుంబం ద్వారానో వచ్చినవాళ్లు వెళ్తున్నారు. మన పిల్లల్లో ఎక్కువమందికి ఆ కార్డే లేదు. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు ఇచ్చే ఈబీ-2లో భారతీయుల వరస పదేళ్లకు పైగా వెనక నడుస్తోంది. పాతికేళ్లకు దరఖాస్తు పెట్టినవాడు కార్డు అందుకునేసరికి వయసు మీదపడుతోంది.